మూడో మాట

గడ్డం మీద ఒక గీత.

నిలువుగీత. సన్నగా, ఎర్రగా, పెదవి కింద మొదలై గడ్డం అంచుదాకా. వేలితో తడిమితే చిన్న గాడిలా తగులుతుంది. కాస్త మైనం వాసన కూడా వస్తుంది.

పొద్దున్న ఆరింటికి మైనం పూసిన వింటినారి అక్కడ ఒత్తుకుంటుంది. తొమ్మిదింటికి ఆమె కళ్లద్దాల షాపు తెరిచేసరికి ఇంకా మాయదు. చూపు పరీక్షకు వచ్చినవాళ్లు గోడ మీది అక్షరాలు మానేసి ముందు ఆ గీతను చదువుతారు.

"తలుపు తగిలిందా అమ్మా?" అని అడిగాడు ఒకాయన.

ఆమె అవునంది. విల్లు అని చెబితే ఇంకో పది నిమిషాలు పడుతుంది.

ఆమె పని చూపు కొలవడం. వెలుతురు తగ్గించిన చిన్న గది. ఒక కుర్చీ. కిందికి పోయేకొద్దీ చిన్నవయ్యే అక్షరాలు. కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ముందు ఒక అద్దం పెడుతుంది. తీసి ఇంకొకటి పెడుతుంది.

ఇది బాగుందా... ఇదా?

ఇదా... అదా?

రోజుకు రెండు వందల సార్లు ఆ ప్రశ్న. ఇంటికి వెళ్లాక కూడా నోటినుంచి పోదు. కూరగాయలు ఏరుతూ, దిండు సర్దుకుంటూ — ఇదా, అదా? తేడా ఎంత చిన్నదైతే ఆమెకు అంత కుతూహలం.

ఆ గీత ఇంకా లేని రోజుల్లో, ఒక మధ్యాహ్నం షాపుకు ఫ్రేముల పార్సిల్ వచ్చింది. దానికి చుట్టిన రబ్బరు పట్టీ వెడల్పుగా, గట్టిగా ఉంది. ఊరికే చేతిలోకి తీసుకుంది. ఊరికే ఎడమ చెయ్యి చాచింది. ఊరికే కుడి చెయ్యి వెనక్కి లాగింది.

పట్టీ వచ్చి గడ్డం దగ్గర ఆగింది. సరిగ్గా అక్కడే.

దాన్ని అక్కడ ఆగమని ఎవరు చెప్పారు?

తొమ్మిదేళ్లయింది ఆమె విల్లు ముట్టుకుని. ఫోన్ నంబర్లు మరిచిపోయింది. స్కూల్లో పక్క బెంచీ పిల్ల పేరు మరిచిపోయింది. చెయ్యి మాత్రం గడ్డం ఎక్కడుందో మరిచిపోలేదు. మరి చెయ్యి ఇంకేమేం దాచుకుందో... చూద్దామనిపించింది.

ఆ ఆదివారం అటక మీంచి విల్లు పెట్టె దించింది. మైనం ముద్ద ఎండి రాయైపోయింది. నారి పోగులు లేచిపోయాయి. పెట్టె మూలన ఒక సాలెపురుగు పిల్లాపాపలతో కాపురం ఉంటోంది.

ఆమెకు పతకాలు అక్కర్లేదు. నలభై దాటాక పతకం తెచ్చి ఎక్కడ పెట్టుకోవాలి? ఆమె తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. విల్లు పూర్తిగా లాగి, గురి మధ్యలోని పసుపు చుక్క కళ్లబడ్డాక కూడా, ఐదు లెక్కపెట్టేదాకా ఆగగలదా?

అప్పట్లో ఆగలేకపోయేది. లాగడం, చుక్క కనబడటం, వేళ్లు జారిపోవడం — మూడూ ఒక్క గుక్కలో అయిపోయేవి. ఆ ఆగలేకపోవడమే విల్లును పోగొట్టింది. పిన్నినీ దూరం చేసింది.

రెండూ తిరిగి కావాలి. రెండోది ఎక్కువ కావాలి. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

నీళ్ల ట్యాంకు వెనక మైదానం. తడి గడ్డి. ఆ చివర చెక్క స్టాండ్ల మీద గడ్డి మోపులు, బిగించి కట్టినవి, గుండ్రంగా. ఒక కర్రకు కట్టిన గుడ్డపీలిక. గాలి ఎటో ఆ పీలిక చెబుతుంది.

ఆ మోపులు కట్టేది గడ్డిమేస్త్రి. బాణాలు పొడిచి పొడిచి తూట్లు పడ్డ మోపుల్ని విప్పి, మళ్లీ కడుతుంటాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. ఎవరి బాణం ఎక్కడ గుచ్చుకుందో చూసి, వాళ్ల భుజం ఎక్కడ తప్పుతోందో చెప్పేస్తాడు.

ఆమె పాత విల్లును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఇప్పుడే వద్దండి. లాగడానికి తేలికైంది ఇస్తాను, పిల్లలది."

"నేను అప్పట్లో దీంతోనే..."

"అప్పట్లో నాకూ జుట్టుండేదండి."

పిల్లల విల్లు తీసుకుంది. అభిమానం కాస్త నొచ్చుకుంది. భుజం మాత్రం హమ్మయ్య అనుకుంది.

మోపుకు మూడు అడుగుల దూరంలో నిలబెట్టాడు. మోపు మీద కాగితం లేదు. రంగు వలయాలు లేవు. ఉత్త గడ్డి.

"కాగితం పెట్టరా?"

"ఇంత దగ్గర్నుంచి మోపు తప్పితే చెప్పండి, అప్పుడు పెడతాను. కళ్లు మూసుకోండి."

ఊళ్లోవాళ్ల చూపు కొలిచే మనిషి కళ్లు మూసుకుంది.

ముందు వాసనలు వచ్చాయి. తడిసిన గడ్డి, కొత్త మైనం. తర్వాత పాదాలు. బరువు మడమల మీదుందా, వేళ్ల మీదుందా? ఇదా... అదా? కొంచెం ముందుకు జరిగింది. అది.

లాగింది.

ఎడమ భుజం నెమ్మదిగా చెవి దగ్గరికి వస్తోంది, ఏదో చాడీ చెప్పడానికి వచ్చినట్టు. దించింది. మళ్లీ వచ్చింది. మళ్లీ దించింది.

వీపులో, కుడి రెక్క కింద, ఎప్పుడూ పని చెప్పని ఒక కండ కదిలింది. ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఇంట్లో ఇంకో గది బయటపడినట్టయింది ఆమెకు. అక్కణ్ణుంచి లాగొచ్చా? చేత్తో కాకుండా, వీపుతో?

నారి వచ్చి గడ్డాన్ని తాకింది. చల్లగా ఉంది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

కళ్లు మూసుకుంటే ఆగగలుగుతోంది. వేళ్లు ఎప్పుడు జారాయో తెలియలేదు. గడ్డిలో బాణం దిగిన చప్పుడు మాత్రం వినిపించింది.

ఇరవై బాణాలు వేసింది. ఇరవై సార్లు మూడు అడుగులు నడిచి, వాటిని పీకి తెచ్చుకుంది. నోరు జారిన మాట, విల్లు విడిచిన బాణం తిరిగి రావంటారు. ఆ సామెత కట్టినవాడు ఎవడో ఒక్క రోజు కూడా ప్రాక్టీసు చేసి ఉండడు. బాణాలు తిరిగి వస్తాయి. కాకపోతే నడిచి వెళ్లి పీక్కోవాలి.

రెండో వారం మూడు రోజులు మైదానానికి పోలేదు. మొదటి రోజు జలుబు. రెండో రోజు జలుబు తగ్గిందో లేదో చూడటం. మూడో రోజు ఎందుకంటే... ఎలాగూ రెండు రోజులు పోలేదు కాబట్టి.

"ఆరంభశూరత్వం మనకు ఇంటావంటా ఉన్నదే," అంది అమ్మ, ఫోన్లో, తాపీగా.

రోషం వచ్చింది. ఆ సాయంత్రం బాణాల సంచీని వీధి తలుపు గొళ్లానికి తగిలించింది. పొద్దున్నే దాన్ని చేతిలోకి తీసుకుంటే గానీ తలుపు తెరుచుకోదు. చేతిలోకి తీసుకున్నాక మళ్లీ లోపల పెట్టడానికి సిగ్గేస్తుంది.

అలా రోజూ ఇరవై బాణాలు. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు.

పద్దెనిమిదో రోజున గడ్డిమేస్త్రి మోపుకు కాగితం అంటించాడు. నలుపు, నీలం, ఎరుపు, నడుమ పసుపు చుక్క. ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టాడు.

"ఇప్పుడు కళ్లు తెరిచి."

లాగింది. నారి గడ్డాన్ని తాకింది. పసుపు చుక్క కళ్లబడింది.

ఒక—

వేళ్లు జారిపోయాయి.

మళ్లీ లాగింది. ఒక— జారిపోయాయి.

ఇరవై సార్లు. ఇరవై సార్లూ ఒకటి పూర్తిగా లెక్కపెట్టలేకపోయింది.

గడ్డిమేస్త్రి దగ్గరికి వచ్చి, బాణాల్ని కాదు, ఆమె మొహాన్ని చూశాడు.

"ఎవరో మిమ్మల్ని వెనకనుంచి తరుముతున్నట్టు వేస్తున్నారండి."

వెనక ఎవరూ లేరు. తడి గడ్డి, దాని మీద ఆమె వచ్చిన అడుగులు. అంతే.

కానీ ఆయన అబద్ధం చెప్పలేదు. ఆమెకు వినిపిస్తూనే ఉంది, పిన్ని గొంతు.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. స్కూల్లో డ్రిల్లు టీచరు. ఆమె చేతికి విల్లు ఇచ్చింది పిన్నే, పన్నెండో ఏట. పిన్నిది పొదుపు చెయ్యి. సబ్బు ముక్క అరిగిపోతే కొత్త సబ్బుకు అతికిస్తుంది. మాటల్లోనూ అంతే. విల్లు లాగుతున్న మనిషి వెనక నిలబడి ఎక్కువ మాట్లాడకూడదనేది. మూడంటే మూడు మాటలు, గుసగుసగా.

నిలువు.

బిగువు.

వదులు.

అంతే, ఇంకేమీ లేదు. నిలువు — వెన్ను నిటారుగా పెట్టేది. బిగువు — వీపు బిగించేది. వదులు — బాణం వదిలేది.

ఒకటి, రెండు, మూడు. మెట్లు దిగినట్టు.

వదిలిన ప్రతిసారీ పిన్ని నాలిక చప్పరించేది. "తొందరెందుకే నీకు?" అనేది. చెప్పినప్పుడే కదా వదిలాను, అనుకునేది ఆమె. పైకి అనేది కాదు. డ్రిల్లు టీచరుకు ఎదురు చెప్పే పిల్లలు ఆ స్కూల్లోనే కాదు, ఆ ఇంట్లోనూ లేరు.

తొమ్మిదేళ్ల కిందట జట్టు ఎంపిక పోటీ. ఆఖరి బాణం. గాలి విసిరి కొడుతోంది. గుడ్డపీలిక కర్ర మీద అడ్డంగా నిలబడిపోయింది. మిగతా అందరూ విల్లులు దించి, గాలి పడిపోవాలని చూస్తున్నారు. ఆమె అప్పటికే లాగేసింది. ఆగుదామనుకుంది. వెనకనుంచి గుసగుస...

వదులు.

వదిలింది.

బాణం మోపు పక్కనుంచి వెళ్లి పొడుగు గడ్డిలో పడింది. ఎంత వెతికినా దొరకలేదు. ఒక్క స్థానం తేడాతో ఎంపిక పోయింది.

"అంత గాలిలో ఎందుకు వదిలావే?" అంది పిన్ని, తిరిగి వచ్చే బస్సులో.

"నువ్వే కదా వదలమన్నావు."

"నేనా? నేనెప్పుడన్నాను?"

"అన్నావు."

"అనలేదు. ఓడిపోతే ఓడిపోయావు, నా మీద నెపం వెయ్యకు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నారు. ఆ సీటులో పక్కపక్కన రెండు కుందేళ్లు, మొత్తం ఆరు కాళ్లు. చాలాసేపు ఇద్దరూ కిటికీలోంచి ఒకే చెట్లను చూశారు. దిగే ముందు పిన్ని అంది:

"సరే. వదిలెయ్."

ఆమె విల్లునే వదిలేసింది.

అప్పటినుంచి పెళ్లిళ్లలో చెరో మూల. మధ్యలో అమ్మ. "మీ ఇద్దరికీ తపాలా మోసీ మోసీ నా కాళ్లు అరిగాయి," అంటుంది. ఆమెకు జ్వరం వస్తే పిన్ని అమ్మను అడుగుతుంది. పిన్నికి పళ్లు నొప్పెడితే ఆమె అమ్మను అడుగుతుంది. ఒకరి సంగతి ఒకరికి అంతా తెలుసు. గొంతు మాత్రం తెలియదు.

కాగితం పెట్టాక మరో పదకొండు రోజులు. వేళ్లు అలాగే జారుతున్నాయి. ఒకటి పూర్తి కావడం లేదు.

పన్నెండో రోజు షాపుకు స్కూలు బస్సు డ్రైవరు వచ్చాడు. కళ్లజోడు బాగుచేయించుకుని నాలుగు రోజుల కిందటే తీసుకెళ్లాడు. కౌంటరు ముందు నిలబడి దాన్ని పెట్టుకున్నాడు. తల ఇటూ అటూ ఊపాడు. అది ముక్కు మీంచి జారింది.

ఆమె ఆ పక్కనే ఇంకెవరిదో కొత్త అద్దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, వెలుతురుకెత్తి చూస్తోంది.

"వదులు," అన్నాడు డ్రైవరు.

ఆమె వేళ్లు వదిలేశాయి.

అద్దం కౌంటరు మీద పడి, అక్కణ్ణుంచి నేల మీద పడి, దొర్లుకుంటూ కుర్చీ కిందికి పోయింది. ఇద్దరూ దాని వంక చూశారు.

"మిమ్మల్ని వదలమనలేదమ్మా," అన్నాడు డ్రైవరు, తనే ఏదో తప్పు చేసినట్టు. "ఇది వదులుగా ఉందన్నాను."

ఆమె కుర్చీ కింద చెయ్యి పెట్టి అద్దాన్ని తీసింది. పగల్లేదు. గీత కూడా పడలేదు. తీసినా, లేవలేదు. మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది.

వదులు... వదులుగా.

నిలువు. బిగువు. వదులు.

వెన్ను నిలువు. వీపు బిగువు. మరి వదులు...?

వేళ్లు.

మొదటి రెండూ ఎలా ఉండాలో చెప్పే మాటలైతే, మూడోది మాత్రం ఏం చెయ్యాలో చెప్పే మాట ఎందుకవుతుంది? అవి మెట్లు కావు. ముక్కాలిపీటకు మూడు కాళ్లు. మూడూ ఒకేసారి ఉండాలి. వెన్ను నిలువుగా, వీపు బిగువుగా, వేళ్లు వదులుగా... ఆగి ఉండాలి. బాణం ఊసే లేదు అందులో.

నిజంగా అంతేనా? ఇదా... అదా? గోడ మీది అక్షరాలు ఎదురుగానే ఉన్నాయి. ఒక్కటీ కనబడలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మా, నాది బిగిస్తారా?" అన్నాడు డ్రైవరు.

బిగించింది. రెండు చిన్న మరలు. ఆయన తల ఊపి చూసుకుని, సంతోషంగా వెళ్లిపోయాడు.

బాణాలు తిరిగి వస్తాయి. నడిచి వెళ్లి పీక్కోవాలి.

సాయంత్రం షాపు కట్టేసి నడిచింది. నాలుగు వీధులు. నాలుగు వీధుల దూరానికి తొమ్మిదేళ్లు పట్టింది.

పిన్ని వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. గోడ మేకుకు స్కూలు విజిలు. జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది. తలెత్తి చూసింది.

"గడ్డం మీద ఆ గీతేంటే?" అంది.

తరవాత తనే అంది. "మళ్లీ మొదలెట్టావా."

ఆమె ఎదురుగా కింద కూర్చుంది. ఒక చిక్కుడుకాయ తీసుకుంది, చేతులకు పని కావాలి కాబట్టి.

"పిన్నీ, వదులు అంటే ఏంటి?"

"వదులంటే వదులే. ఏంటా ప్రశ్న?"

"నా వెనక నిలబడి అనేదానివి కదా. నిలువు, బిగువు, వదులు. ఆ వదులు."

పిన్ని చేతిలో కాయ పక్కన పెట్టి, ఆమె కుడిచేతి మూడు వేళ్లూ పట్టుకుంది. అలవాటైన పట్టు. మెల్లగా ఊపింది.

"ఇవి. వదులుగా పెట్టమని. నారి మీద కొయ్యముక్కల్లా బిగించేదానివి, తెల్లగా పాలిపోయేవి. ఇప్పుడూ అంతే, చూడు ఎలా బిగించావో."

"నేను బాణం వదలమన్నావనుకున్నాను."

ఊపడం ఆగింది. వేళ్లు మాత్రం పిన్ని చేతిలోనే ఉన్నాయి.

"ఏ బాణం?"

"అన్నీ."

"అన్నీనా?"

"అన్నీ."

కుళాయి నుంచి ఒక చుక్క పడింది. ఇంకో చుక్క పడింది.

"ఆ రోజుది కూడానా?"

"ఆ రోజుది కూడా."

పిన్ని మొహం ఎటో వెళ్లిపోయింది. ఆ మైదానానికే వెళ్లి ఉంటుంది, ఆ పొడుగు గడ్డిలోకి. చాలాసేపటికి తిరిగి వచ్చింది.

"వదులుగా అనాల్సింది," అంది మెల్లగా. "ఒక్క గా. అంటే నా సొమ్మేం పోయేది?"

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలియలేదు.

"నువ్వు అడగొచ్చు కదే," అంది పిన్ని.

"నువ్వు చెప్పొచ్చు కదా," అంది ఆమె.

తరవాత ఇద్దరూ చిక్కుడుకాయల పని చూశారు. ఇంకో మాట ఉంది అడగాల్సింది. బస్సులో అన్నది. వదిలెయ్ — దేన్ని? విల్లునా... ఆ గొడవనా? ఇన్నాళ్లూ ఒక్క అర్థమే ఉందనుకుంది దానికి. ఇప్పుడు రెండు కనబడుతున్నాయి. నోటిదాకా వచ్చింది. ఆ రోజుకు అంతకన్నా తట్టుకోలేననిపించి, అడగలేదు.

తెల్లారి, ఆరు గంటలు. మైదానం. తడి గడ్డి మీద ఈసారి రెండు జతల అడుగులు.

పిన్ని గడ్డిమేస్త్రి కట్టిన మోపు చుట్టూ ఒకసారి తిరిగి, బొటనవేలితో నొక్కి చూసింది. బాగుందన్నట్టు తల ఊపింది. ఆయన తువ్వాలు దులుపుకుంటూ పక్కకు తప్పుకున్నాడు.

ఆమె బాణం వేసే గీత దగ్గర నిలబడింది. పిల్లల విల్లు. ఒక బాణం. మోపు మీద కాగితం, నడుమ పసుపు చుక్క.

వెనక ఊపిరి వినిపిస్తోంది.

"నిలువు."

వెన్ను నిటారైంది. బరువు పాదాల నడిమికి వచ్చింది.

"బిగువు."

వీపులో ఆ కొత్త గది తలుపు తెరుచుకుంది. చెయ్యి కాదు, వీపే లాగింది. నారి వచ్చి గడ్డాన్ని తాకింది. చల్లగా ఉంది. పసుపు చుక్క కళ్లబడింది.

మూడో మాట రాలేదు.

ఒకటి.

ఒకటి పూర్తయింది. ఆశ్చర్యంగా ఉంది.

రెండు.

మూడో మాట ఇంకా రాలేదు. ఎందుకు రాదు? తల తిప్పి చూడకూడదు. నారి పెదవికి ఆని ఉంది, అడగడానికీ లేదు. పిన్ని భయపడుతోంది. ఆ సంగతి ఆమెకు వీపుతోనే తెలిసిపోయింది. విజిలు ఊదితే ఆరు వందల మంది పిల్లలు నిలబడిపోయే పిన్ని, మూడక్షరాల మాట అనడానికి భయపడుతోంది.

మూడు.

గుడ్డపీలిక కొంచెం లేచింది. పడిపోయింది.

నాలుగు.

"వదులు..."

వేళ్లు ఉలిక్కిపడ్డాయి. నారి మీద వెంట్రుకవాసి జరిగాయి. జరిగి... ఆగాయి.

వెనక పిన్ని ఊపిరి పీల్చుకుంది.

"...గా."

గా.

తొమ్మిదేళ్ల తర్వాత వచ్చింది, ఒంటరిగా, బస్సు తప్పిపోయినవాళ్లలా. వేళ్లలోకి దిగింది. వేళ్లు వదులయ్యాయి. నారి అలాగే ఉంది. చుక్క అలాగే ఉంది.

ఐదు.

ఆరు.

విల్లు దించాక అడగాలి, బస్సులో అన్న ఆ వదిలెయ్ సంగతి. బాణం వెళ్లాక. బాణం ఎప్పుడు వెళుతుందో ఆమెకు తెలియదు. తెలియకపోవడం ఇంత బాగుంటుందని కూడా తెలియదు.

ఏడు...

గడ్డం మీద, పెదవి కింద మొదలై, సన్నగా, చల్లగా — ఒక గీత.